డెనిస్ రిచీ జీవితం - యూనిక్స్ కథ

ఒకే కంప్యూటరు మీద పదిమంది పనిచేస్తున్నారనుకోండి. ఒకరి కాగితాలు మరొకరు చూడకూడదు. ఒకరి పొరపాటు వల్ల అందరి పనీ చెడిపోకూడదు. ఈ ఏర్పాట్లు చూసుకొనే వ్యక్తిని సిస్టమ్ నిర్వాహకుడు అంటారు. లినక్స్ నిర్వహణ నేర్చుకోవడం మొదలుపెట్టగానే మీకు ఫైలు, యజమాని, అనుమతి అనే మాటలు వినిపిస్తాయి. ఈ పద్ధతులు లినక్స్‌తో పుట్టినవి కావు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే అమెరికాలో ఇద్దరు మిత్రులు వీటికి రూపం ఇచ్చారు. వారిలో ఒకరు కెన్ థాంప్సన్. రెండోవారు డెనిస్ రిచీ. ఈ పాఠంలో మీరు రిచీ గురించి తెలుసుకుంటారు.

రిచీ 1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. తండ్రి బెల్ ప్రయోగశాలలో టెలిఫోను స్విచ్చింగ్ విద్యలో నిపుణుడు. రిచీ హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చదివారు. అక్కడే కంప్యూటరు మీద ఆసక్తి కలిగింది. 1967లో తండ్రి పనిచేసిన సంస్థలోనే చేరారు. 1968లో డాక్టరేటు పరిశోధన గ్రంథం పూర్తి చేశారు. కాని నియమం ప్రకారం బైండు చేసిన ప్రతిని విశ్వవిద్యాలయానికి ఇవ్వలేదు. అందువల్ల ఆ పట్టా ఆయనకు ఎన్నడూ రాలేదు. ఆయన దాని కోసం వెనక్కి వెళ్ళినట్టూ కనబడదు.

అప్పట్లో బెల్ సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తోంది. పని సాగుతూనే ఉంది గాని తెమలలేదు. 1969లో బెల్ దాని నుంచి తప్పుకుంది. థాంప్సన్ ఊరుకోలేదు. ఎవరూ అంతగా వాడని ఒక చిన్న యంత్రం మీద తన సొంత వ్యవస్థ రాయసాగారు. రిచీ తోడయ్యారు. అదే యూనిక్స్.

కొత్త యంత్రం కావాలంటే పై అధికారులకు కారణం చూపాలి గదా! పేటెంటు విభాగం టైపు పనికి ఉపయోగపడే వ్యవస్థ చేసిపెడతామని చెప్పి యంత్రం తెప్పించుకున్నారు. ఆ విధంగా యూనిక్స్‌ను మొదట రోజువారీ పనికి వాడినది శాస్త్రవేత్తలే కాదు, ఆ విభాగంలోని టైపిస్టులు కూడా. ఆ యంత్రం జ్ఞాపకశక్తి 24 కిలోబైట్లు. మీ ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు! 1971 నవంబరులో వీరిద్దరూ వాడకందారుల కోసం ఒక కరదీపిక రాశారు. ఒక్కొక్క ఆజ్ఞ గురించి చెప్పి, దానిలో తెలిసిన లోపాలేమిటో కూడా కింద రాశారు. తమ సరుకులోని తప్పును తామే రాసిపెట్టేవారు ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు ఒక చిక్కు సమస్య. దీనిని కొంచెం నిదానంగా చదవండి. యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. చదవడానికి, రాయడానికి, నడపడానికి ఎవరికి అనుమతి ఉందో ఫైలుతోపాటే నమోదై ఉంటుంది. 'రూట్' అనే పేరుగల నిర్వాహకుడికి మాత్రం అడ్డు లేదు. అందరి పాస్‌వర్డుల వివరాలూ రూట్‌కు చెందిన ఒక ఫైలులో ఉంటాయి. మీ పాస్‌వర్డు మీరే మార్చుకోవాలంటే ఎలా? ఆ ఫైలులో రాసే అనుమతి అందరికీ ఇస్తే, మీ పొరుగువాడు మీ పాస్‌వర్డును కూడా మార్చేయగలడు. ఎవరికీ ఇవ్వకపోతే ప్రతివాడూ నిర్వాహకుడి దగ్గరకు పరుగెత్తాలి.

ముందుకు చదవకుండా ఒక్క నిమిషం ఆలోచించండి.

రిచీ అధికారాన్ని మనిషికి ఇవ్వలేదు, ప్రోగ్రాముకు ఇచ్చారు. పాస్‌వర్డు మార్చే ప్రోగ్రామును మీరు నడిపినా, నడిచినంతసేపు దానికి రూట్ అధికారం ఉంటుంది. అది మీరెవరో చూసి, మీ పాస్‌వర్డును మాత్రమే మారుస్తుంది. పోస్టాఫీసులో మీరు లెడ్జరు ముట్టుకోరు. కౌంటరు దగ్గర డబ్బు ఇస్తారు, గుమాస్తా మీ ఖాతాలోనే రాస్తాడు. ఇదీ అలాంటిదే. అయితే గుమాస్తా మోసపోతే లెడ్జరంతా పాడవుతుంది. అందుకే జాగ్రత్తగల నిర్వాహకుడు ఇలాంటి ప్రోగ్రాములు తన యంత్రంలో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకుంటాడు. ఈ ఆలోచనకు 1979లో రిచీ పేర పేటెంటు వచ్చింది. తరువాత దానిని ప్రజలందరికీ వదిలేశారు.

రిచీ పేరు ఎక్కువగా వినిపించేది సి భాష వల్ల. 1972 ప్రాంతంలో ఆయన దానిని రూపొందించారు. 1973లో యూనిక్స్‌ను ఆ భాషలోనే తిరగరాశారు. దానితో యూనిక్స్ ఒక్క రకం యంత్రానికి కట్టుబడకుండా ఇతర యంత్రాలకూ వెళ్ళగలిగింది.

బెల్ సంస్థ ఏటీ అండ్ టీ అనే టెలిఫోను కంపెనీకి చెందినది. 1956 నాటి ఒక కోర్టు ఒప్పందం వల్ల ఆ కంపెనీ ఇతర వ్యాపారాలు చేయడానికి వీలు లేకపోయింది. కనుక యూనిక్స్‌ను విశ్వవిద్యాలయాలకు కొద్దిపాటి రుసుముతో, మూలరచనతో సహా ఇచ్చారు. విద్యార్థులు దానిని పంక్తి పంక్తీ చదివి నేర్చుకున్నారు. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే ఆచార్యుడు దానికి వ్యాఖ్యానం కూడా రాశారు. కాని 1979లో వచ్చిన కొత్త లైసెన్సు మూలరచనను తరగతిలో బోధించరాదన్నది. చదువుకొనేవాడి చేతిలోని పుస్తకాన్ని లాక్కోవడం కాక ఇది మరేమిటి? విద్యార్థులు లయన్స్ పుస్తకాన్ని జిరాక్సుల మీద జిరాక్సులు తీసుకొని చాటుగా చదివారు. అది అచ్చులో బహిరంగంగా రావడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. అందుకు తోడ్పడినవారిలో రిచీ కూడా ఉన్నారు.

ఈలోగా వేరే దారి తెరుచుకుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ చదివి మార్చుకోగల వ్యవస్థ కోసం గ్నూ పథకం ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. యూనిక్స్ రచన నుంచి ఏమీ తీసుకోకుండా, దాని పద్ధతులను మాత్రం అనుసరించారు. మన దేశంలో కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు కంప్యూటరు నేర్చుకొనేది లినక్స్ మీదనే. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లినక్సే.

1983లో రిచీకి, థాంప్సన్‌కు ట్యూరింగ్ బహుమతి వచ్చింది. రిచీ 2007లో పదవీ విరమణ చేశారు. న్యూజెర్సీలో ఒంటరిగా ఉండేవారు. 2011 అక్టోబరు 12న ఇంట్లో మరణించి కనిపించారు. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ చనిపోయారు. ఆ వార్త లోకమంతా మారుమోగింది, రిచీ వార్త తెలిసినవారు తక్కువ. జాబ్స్ కంపెనీ యంత్రాలు నడిచేది కూడా యూనిక్స్ సంతతి మీదనే.

మీకు లినక్స్ యంత్రం అందుబాటులో ఉంటే పాస్‌వర్డు మార్చే ప్రోగ్రాము అనుమతుల వరుసను తెరమీదకు తెప్పించి చూడండి. యజమాని అనుమతులలో 'ఎక్స్' ఉండవలసిన చోట చాలా యంత్రాలలో 'ఎస్' అనే అక్షరం కనిపిస్తుంది. రిచీ పెట్టిన గుర్తు అదే.