చార్జర్ వెనకున్న మాస్టారు: అలెగ్జాండర్ లియాపునోవ్

ఫోన్ చార్జర్ ప్లగ్‌లో పెట్టగానే లోపల ఒక చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ సెకనుకు వేల సార్లు, కొన్నింటిలో లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఇంటి కరెంటు 230 వోల్టులను ఫోన్‌కు కావలసిన 5 వోల్టులుగా మార్చడంలో దానిదే ముఖ్య పాత్ర. స్విచ్ ఆన్‌లో ఉంటే అదొక సర్క్యూట్, ఆఫ్‌లో ఉంటే మరో సర్క్యూట్. రెండూ విడివిడిగా బుద్ధిగా కుదురుకునేవే అయినా, వాటి మధ్య తప్పుడు సమయాల్లో మారుస్తూ పోతే మొత్తం అదుపు తప్పవచ్చు. అలా జరగదని ముందే లెక్కగట్టడానికి హైబ్రిడ్ కంట్రోల్ ఇంజినీర్లు వాడే ప్రధాన పద్ధతి 1892 నాటిది. అప్పటికి ట్రాన్సిస్టరే లేదు!

ఆ పద్ధతి ఇచ్చిన లియాపునోవ్ 1857లో రష్యాలోని యారోస్లావ్‌ల్‌లో పుట్టారు. తండ్రి ఖగోళ శాస్త్రవేత్త. అలెగ్జాండర్‌కు 11 ఏళ్లప్పుడు ఆయన పోయారు. తర్వాత కొంతకాలం చదువు బంధువు రఫాయిల్ సెచెనోవ్ ఇంట్లో సాగింది. అక్కడ కలిసి పాఠాలు చదువుకున్న ఆయన కూతురు నటాలియానే 1886లో పెళ్లి చేసుకున్నారు. తమ్ముడు సెర్గీ పేరున్న సంగీతకారుడు, మరో తమ్ముడు బోరిస్ భాషా శాస్త్రవేత్త.

సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో చెబిషెవ్ ఆయనకొక కష్టమైన ప్రశ్న ఇచ్చారు. తిరుగుతున్న ద్రవపు ముద్ద వేగం పెరిగితే ఏయే ఆకారాలు తీసుకుంటుంది? పూర్తి జవాబు అప్పుడు దొరకలేదు. కానీ ఆ ఆకారాలు కాస్త కదిపితే నిలుస్తాయా, చెదిరిపోతాయా అన్న ఆలోచన మాత్రం ఆయన్ను వదల్లేదు.

1885లో ఖార్కోవ్ యూనివర్సిటీలో మెకానిక్స్ చెప్పడానికి వెళ్లారు. అప్పటికి వయసు 28. విద్యార్థుల్లో కలిసిపోయేలా ఉన్న ఈ కుర్ర మాస్టారు మొదటి క్లాసులోనే వాళ్ల గౌరవం సంపాదించారట. (ఆ వయసులో క్లాసులో నిలబడేవాళ్లకు అదెంత పెద్ద విషయమో తెలుసు!) మొదటి రెండేళ్లు పాఠాలు తయారు చేసుకోవడానికే సరిపోయాయి.

అక్కడే తన పెద్ద సిద్ధాంత గ్రంథం రాశారు. ఇంట్లో గిన్నె, గోలీ ఉంటే దాని సారం పిల్లలకు చూపించవచ్చు. గిన్నె అంచు నుంచి వదిలిన గోలీ ఎప్పుడెక్కడ ఉంటుందో లెక్కగట్టడం కష్టం. కానీ దాని శక్తి తగ్గుతూ పోతోందని తెలిస్తే చాలు, చివరికి అడుగునే ఆగుతుందని చెప్పేయవచ్చు. సమీకరణాలు పూర్తిగా సాధించకుండానే, శక్తిలాంటి ఒక రాశిని ఎంచుకుని నిలకడను తేల్చడం లియాపునోవ్ మార్గం. చార్జర్ లాంటి కన్వర్టర్‌లో కావలసిన వోల్టేజ్, కరెంట్‌లకు ఎంత దూరంలో ఉన్నామో చెప్పే రాశి అలాంటిదే. స్విచ్ ఎటుంటే అది తగ్గుతుందో, కంట్రోలర్ అటే మారుస్తుంది.

1902లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్లి, చెబిషెవ్ ఇచ్చిన పాత ప్రశ్నను మళ్లీ పట్టుకుని ఏళ్లపాటు పనిచేశారు. నటాలియాకు క్షయ ముదరడంతో 1917లో ఇద్దరూ ఒడెస్సా చేరారు. ఆయన చూపూ మందగిస్తోంది. 1918 అక్టోబర్ 31న ఆమె మరణించారు. ఆ దుఃఖాన్ని ఆయన తట్టుకోలేకపోయారు. నవంబర్ 3న ఆయనా పోయారు. ఆమె పక్కనే సమాధి చేయాలని చీటీ రాసి పెట్టారు.

ఆయన గ్రంథం ఫ్రెంచిలోకి 1907లో వచ్చింది. ఇంగ్లిష్ అనువాదం రావడానికి 1992 దాకా, అంటే సరిగ్గా నూరేళ్లు పట్టింది.