సాహచర్యం నుంచి అర్థానికి: జె.ఆర్. ఫర్త్ జీవితం - భాషాచింతన

శబ్దార్థ సంబంధ విచారం భారతీయ శాస్త్రాలకు కొత్తది కాదు. అనేకార్థకమైన శబ్దం ఒక వాక్యంలో ఏ అర్థానికి పరిమితమవుతుందో నిర్ణయించే హేతువులను భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండలో పరిగణించాడు. సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం, శబ్దాంతర సన్నిధి మొదలైనవి ఆ హేతువులు. రామశబ్దం లక్ష్మణశబ్దంతో కలిసినప్పుడు దాశరథిని, అర్జునశబ్దంతో కలిసినప్పుడు భార్గవుణ్ణి బోధిస్తుందన్న ఉదాహరణలు ప్రాచ్యవిద్యాభ్యాసపరులకు సుపరిచితాలు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ప్రశ్ననే వేరొక మార్గాన ఎదుర్కొన్న ఆంగ్ల భాషాశాస్త్రవేత్త జాన్ రూపర్ట్ ఫర్త్. కార్పస్ అని వ్యవహరింపబడే భాషారాశుల ఆధారంగా పదార్థాన్ని సందర్భంలో పరిశీలించే పద్ధతికి ఆయనను మూలపురుషుడిగా నేటి పరిశోధకులు స్మరిస్తారు. అయితే ఆయన ప్రతిపాదించినదానిలో ఎంత భాగం ఆ పద్ధతికి సంక్రమించింది, ఎంత భాగం మరుగున పడింది అనేది విచారణీయం. అందుకు ఆయన జీవితాన్ని ఆమూలంగా పరిశీలించడం అవసరం.

ఫర్త్ 1890 జూన్ 17న ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన కీత్లీ పట్టణంలో జన్మించాడు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆయన అభ్యసించినది చరిత్ర, భాషాశాస్త్రం కాదు. 1911లో బి.ఏ., 1913లో ఎం.ఏ. పట్టాలు పొంది, కొంతకాలం లీడ్స్‌లోనే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చరిత్ర బోధించాడు. 1915లో భారత విద్యాసేవలో ప్రవేశించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక సేవలో ఉండి భారతదేశంలోనూ, ఆఫ్ఘనిస్థాన్‌లోనూ, ఆఫ్రికాలోనూ పనిచేశాడు. యుద్ధానంతరం లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆంగ్లాచార్యుడై 1928 వరకు అక్కడే ఉన్నాడు.

చరిత్ర విద్యార్థిగా ఆరంభమైన ఈ జీవితం భాషావిచారం వైపు మళ్ళడానికి భారతదేశ నివాసం ఎంతో తోడ్పడింది. ఒకే నగరంలో ఇంట ఒక భాష, కచేరీలో ఒక భాష, కళాశాలలో ఒక భాష వ్యవహారంలో ఉన్న సమాజం లాహోరుది. భాష అనేది సర్వత్ర ఏకరూపంగా వర్తించే అఖండ వస్తువు కాదనీ, మనిషి నిర్వహించే పాత్రను అనుసరించి అది భిన్నరూపాలు ధరిస్తుందనీ ఫర్త్ అనంతర కాలంలో దృఢంగా ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను పరిశీలించేవారు ఆయన పంజాబు జీవితాన్ని విస్మరించజాలరు.

1928లో స్వదేశం చేరిన ఫర్త్, లండన్‌లోని యూనివర్సిటీ కళాశాలలో డేనియల్ జోన్స్ నేతృత్వంలో ఉన్న ధ్వనిశాస్త్ర శాఖలో అధ్యాపకుడయ్యాడు. 1930లో వాక్కును గురించిన చిన్న గ్రంథాన్ని, 1937లో మానవభాషలను గురించిన మరొక గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ దశాబ్దంలో లండన్ ఆర్థికశాస్త్ర పాఠశాలలో మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీతో ఆయనకు ఏర్పడిన విద్యాసంబంధం నిర్ణాయకమైనది. మాలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ ద్వీపవాసుల మధ్య నివసించి వారి మాటలను సేకరించినవాడు. చేపలవేట సమయంలో పలికే వాక్యాన్ని ఆ వేట తెలియనివారికి పదానికి పదంగా అనువదించి అందించడం అసాధ్యమని ఆయన గ్రహించాడు. 1923లో ఆయన ప్రతిపాదించిన సన్నివేశ సందర్భమనే భావనను ఫర్త్ స్వీకరించి, భాషాశాస్త్ర పరికరంగా సంస్కరించాడు. మాటలాడేవారు ఎవరు, వారి పరస్పర సంబంధం ఎటువంటిది, అక్కడ ఉన్న వస్తువులేవి, ఆ మాట వల్ల కలిగిన ఫలితమేమిటి అనే అంశాలను క్రమబద్ధంగా నమోదు చేయాలని ఆయన పద్ధతి.

1935లో ఆంగ్ల ఫిలలాజికల్ సొసైటీ పత్రికలో వెలువడిన అర్థవిచార పద్ధతి అనే వ్యాసంలో ఈ దృష్టి స్పష్టంగా గోచరిస్తుంది. అర్థం మనస్సులో దాగిన భావమని తలచి దాని కోసం వెదకడం ఫర్త్‌కు సమ్మతం కాదు. శబ్దం, ఆలోచన అనే ద్వైతాన్ని ఆయన నిరాకరించాడు. ధ్వని స్థాయిలో ఒక వ్యాపారం, పదస్థాయిలో ఒక వ్యాపారం, వ్యాకరణ స్థాయిలో ఒక వ్యాపారం, సన్నివేశ స్థాయిలో ఒక వ్యాపారం ఉన్నాయనీ, వీటి సమాహారమే అర్థమనీ ఆయన మతం. శ్వేతకాంతిని పట్టకం గుండా ప్రసరింపజేసి వర్ణాలుగా విభజించినట్లు, అర్థాన్ని స్థాయిలవారీగా విభజించి పరిశీలించాలని ఆయన ఆశయం.

1937-38లో ఫర్త్ మరల భారతదేశానికి వచ్చి గుజరాతీ, తెలుగు భాషలను పరిశీలించాడు. అంతకుముందే తమిళ ఉచ్చారణను గురించి ఆర్డెన్ వ్యాకరణానికి అనుబంధంగా ఒక సంగ్రహం రచించాడు; 1936లో భారత, బర్మా దేశాల లిపులను, ధ్వనివ్యవస్థలను గురించి వ్యాసం వెలువరించాడు. భారతీయ ధ్వనిశాస్త్రం పట్ల ఆయనకు గల గౌరవం అసాధారణం. విలియం జోన్స్ ద్వారా ప్రాచీన భారతీయ వైయాకరణుల కృషి ఐరోపాకు అందకపోయినట్లయితే పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల ధ్వనిశాస్త్ర సంప్రదాయమే ఊహకు అందదని 1946లో ప్రకటించిన వ్యాసంలో ఆయన అంగీకరించాడు. ఆయన శాఖలో పనిచేసిన సిడ్నీ అలెన్ ప్రాతిశాఖ్యలను, శిక్షాగ్రంథాలను ఆధారం చేసుకొని ప్రాచీన భారత ధ్వనిశాస్త్రంపై 1953లో గ్రంథం ప్రకటించడం ఈ సందర్భంలో గమనార్హం.

1938లో ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన పాఠశాలలో పూర్తికాలపు అధ్యాపకుడిగా చేరిన ఫర్త్‌కు, రెండవ ప్రపంచ యుద్ధం తన సిద్ధాంతాన్ని పరీక్షించుకొనే అవకాశం కల్పించింది. జపాను భాషను అల్పకాలంలో నేర్చుకోవలసిన సైనికోద్యోగుల శిక్షణలో ఆయన ప్రముఖపాత్ర వహించాడు. ఆకాశంలో వైమానికులు పరస్పరం పలికే మాటలను విని గ్రహించవలసినవారికి జపాను సాహిత్యంతోగాని, సంభాషణా మర్యాదలతోగాని పని లేదు. ఆ సన్నివేశంలో వాస్తవంగా వినవచ్చే పదాలెన్ని, వాటి కూర్పులెటువంటివి అన్నదే ప్రధానం. ఇటువంటి మితమైన వ్యవహారాన్ని ఫర్త్ పరిమిత భాష అని పేర్కొన్నాడు. అక్కడ ఒక పదాన్ని తప్పుగా గ్రహిస్తే ప్రాణాలకే ముప్పు. సందర్భంలో అర్థమనే సిద్ధాంతం విద్వద్గోష్ఠిని దాటి ఆచరణలో నిలిచిన సన్నివేశమిది. ఈ సేవకు 1946లో ఆయన బ్రిటిష్ ప్రభుత్వ సత్కారం పొందాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1944లో, బ్రిటన్‌లో సామాన్య భాషాశాస్త్రానికి ఏర్పడిన తొలి ఆచార్యపీఠం ఆయనను వరించింది. 1956లో ఉద్యోగ విరమణ చేసేవరకు ఆ పీఠాన్ని ఆయన అలంకరించాడు.

పద సాహచర్యమనే భావనను ఫర్త్ విశదీకరించినది 1951లో ప్రకటించిన వ్యాసంలో. రాత్రి అనే అర్థం గల ఆంగ్లపదానికి, చీకటితో కూడిన అనే అర్థం గల పదంతో కలిసే యోగ్యత ఉండడం ఆ పదార్థంలోనే ఒక భాగమని ఆయన ప్రతిపాదన. అదే విధంగా గాడిద అనే ఆంగ్లపదం నిందావాచకంగా వాడబడినప్పుడు దానికి ముందు నిలిచే విశేషణాలు పరిమిత సంఖ్యలోనే ఉంటాయని చూపాడు. మూర్ఖత్వాన్ని, మొండితనాన్ని తెలిపే కొద్దిపాటి పదాలే ఆ స్థానంలో నిలుస్తాయి. ఎడ్వర్డ్ లియర్ రచించిన హాస్యపద్యాలలో పురుషవాచక పదానికి ముందు వృద్ధత్వాన్ని తెలిపే విశేషణమే తరచుగా కనిపిస్తుందనీ, యౌవనవాచకం కనిపించదనీ గుర్తించాడు. ఇక్కడ ఆయన స్వీకరించినది యావదాంగ్లభాష కాదు. ఒక కవి రచించిన ఒక ప్రక్రియ మాత్రమే. ఒక కవి ప్రయోగాలను ఆ కవి ప్రయోగాలతోనే సమన్వయించే వ్యాఖ్యాతల మార్గానికి ఇది సన్నిహితం. భర్తృహరి పేర్కొన్న సాహచర్యానికీ, ఫర్త్ సాహచర్యానికీ భేదం లేకపోలేదు. మొదటిది అనేకార్థాలలో ఒకదానిని నియమించే హేతువు. రెండవది అర్థంలోనే అంతర్భాగం. మొదటిదానిలో ప్రధానం అర్థాల పొత్తు. రెండవదానిలో ప్రధానం పదాల పొత్తు.

ఫర్త్ అర్థసిద్ధాంతానికి ఆయన జీవితకాలంలో సర్వామోదం లభించలేదు. సమగ్రమైన సిద్ధాంత గ్రంథాన్ని ఆయన రచించలేదు. వ్యాసాలలో సూత్రప్రాయంగా సూచించి వదలిన విషయాలే అధికం. ఆయన వ్యాససంపుటి 1957లో వెలువడింది. తన సిద్ధాంత సారాన్ని సంగ్రహించిన వ్యాసమూ ఆ సంవత్సరమే ప్రకటించాడు. కాని నోమ్ చామ్‌స్కీ వాక్యనిర్మాణ గ్రంథం కూడా వెలువడినది 1957లోనే. అనంతరం భాషాశాస్త్ర ప్రపంచం దృష్టి వాస్తవ ప్రయోగాల నుంచి వక్త మనస్సులోని భాషాజ్ఞానం వైపు మళ్ళింది. ఫర్త్ 1960 డిసెంబరు 14న మరణించాడు. 1966లో జాన్ లయన్స్, ఫర్త్ స్మారక సంపుటిలోనే, అర్థమనే మాటను ధ్వని మొదలుకొని సన్నివేశం వరకు అన్ని స్థాయిలకూ వర్తింపజేయడాన్ని విమర్శించాడు. ఆ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు. పదం దేనిని సూచిస్తుంది అన్న ప్రశ్నకు సాహచర్యం ఒక్కటే సమాధానం కాజాలదు.

ఫర్త్ భావనకు పరీక్షాసాధనం లభించినది ఆయన మరణానంతరమే. ఆయన ప్రభావంలో ఎదిగిన హాలిడే, మంగోలుల రహస్యచరిత్ర అనే గ్రంథపు చైనా పాఠాన్ని ఒక్కదానినే భాషారాశిగా గ్రహించి సంపూర్ణంగా విశ్లేషించి 1959లో ప్రకటించాడు. 1964లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్రాన్సిస్, కుచెరాలు ఒక్కొక్కటి సుమారు 2,000 పదాల 500 భాగాలతో, మొత్తం 10 లక్షల పదాల ఆంగ్ల భాషారాశిని కంప్యూటరుకు అనువుగా వెలువరించారు. జాన్ సింక్లేర్ 1960లలో ఎడిన్‌బరోలో సుమారు 1,35,000 పదాల సంభాషణలను సేకరించి, పదసాహచర్యాన్ని గణితరీత్యా పరీక్షించాడు. 1980లో బర్మింగ్‌హామ్‌లో ఆయన ఆరంభించిన ప్రణాళిక ఫలితంగా 1987లో కొబిల్డ్ నిఘంటువు వెలువడింది. పదం చుట్టూ ఉన్న వాక్యఖండాలను వరుసగా పేర్చి చూచినప్పుడు, స్వభాషా వ్యవహర్తకు సైతం స్ఫురించని నియమాలు బయటపడ్డాయి. ప్రారంభమై స్థిరపడడాన్ని తెలిపే ఒక ఆంగ్ల క్రియాబంధానికి కర్తలుగా కుళ్ళు, క్షయం వంటి అనిష్టవాచకాలే అధికంగా వస్తాయని సింక్లేర్ చూపిన ఉదాహరణ ప్రసిద్ధం. అటువంటి అర్థచ్ఛాయకు 1990లలో స్థిరపడిన పారిభాషిక నామం, ఫర్త్ ధ్వనివిచారంలో వాడిన ప్రోసొడీ అనే పదం నుంచి ఏర్పడినదే.

తెలుగులో పట్టు అనే క్రియను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. తుప్పు, బూజు, నాచు, చీడ, చెద, శని, దయ్యం అనే పదాలతో అది కలిసినప్పుడు అనిష్టచ్ఛాయ స్పష్టం. నిద్ర, అదృష్టం అనే పదాలతో కలిసినప్పుడు ఆ ఛాయ తొలగిపోతుంది. అయినను అన్నింటా కర్త ప్రయత్నం లేకుండా వచ్చి ఆవహించడమనే అంశం సమానం. గ్రహించు అనే ఒక్క అర్థం చూపి ఊరుకొన్న కోశం ఈ వివేకాన్ని అందించలేదు. సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో వ్యావహారిక ప్రయోగాలకు చోటు కల్పించాడు. 1936 నుంచి వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యప్రయోగాలను విస్తారంగా సమకూర్చింది. పుణెలోని దక్కను కళాశాల సంస్కృత నిఘంటువు కోసం 1948 నుంచి సుమారు 1,500 గ్రంథాల నుండి దాదాపు కోటి ప్రయోగపు చీటీలు సేకరింపబడ్డాయి. ప్రయోగశరణత్వం భారతీయ కోశకారులకు సహజమార్గమే. 1990లలో తెలుగుతో సహా భారతీయ భాషలకు ఒక్కొక్కదానికి సుమారు 30 లక్షల పదాల లక్ష్యంతో యంత్రపఠనీయ భాషారాశుల నిర్మాణం జరగడంతో ఈ మార్గం మరింత విస్తృతమైంది.

అయితే ఫర్త్ వారసత్వంలో ఒక న్యూనత నిలిచిపోయింది. నేటి భాషారాశులు కోట్ల సంఖ్యలో పదాలను గ్రహిస్తాయి. వార్త, కథ, శాసనం, ప్రకటన అనే భేదాలను ఒక్కటిగా కలిపి లెక్కించడమూ తరచుగా కనిపిస్తుంది. ఫర్త్ కోరినది ఇందుకు భిన్నం. పరిమిత భాషను ముందుగా నిర్ణయించుకొని, ఆ మేరకే సాహచర్యాన్ని నిరూపించి, పిదప ఆ ఫలితాన్ని సన్నివేశంతో అనుసంధించాలని ఆయన క్రమం. యంత్రం ఆయన స్థాయిలలో పదస్థాయిని అద్భుతంగా సాధించింది; సన్నివేశ స్థాయి ఇంకను మానవుని వివేకానికే మిగిలి ఉంది. సైంధవశబ్దం ఎన్నిసార్లు లవణవాచకంతో కలిసి వచ్చిందో యంత్రం చెప్పగలదు. కాని భోజనానికి కూర్చున్న యజమాని సైంధవం తెమ్మన్నప్పుడు గుర్రాన్ని తేకూడదని నిశ్చయించడానికి ఆ సన్నివేశం తెలియాలి. గణన వల్ల సాహచర్యం సిద్ధిస్తుంది. ప్రకరణ జ్ఞానం వల్ల అర్థనిశ్చయం కలుగుతుంది. ఈ రెండింటినీ వేరుచేయరాదనడమే ఫర్త్ జీవితకృషి సారం.