రాయకోటను చిత్రించిన కెప్టెన్ ట్రైప్

హోసూరు, కృష్ణగిరి సేలం జిల్లాలో భాగంగా ఉన్న కాలమది. 1857 డిసెంబరులో మద్రాసు సైన్యాధికారి కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ కెమెరా సామగ్రిని ఎడ్లబండ్లకెత్తి బెంగుళూరు నుండి దక్షిణాదికి బయలుదేరారు. 1822లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో జన్మించిన ఆయన, 1856లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారులుగా నియమితులయ్యారు. ఫిలిం ఇంకా పుట్టలేదు. మైనం పట్టించిన కాగితానికి వెండి లవణాలు పట్టించి, దానిపై బింబాన్ని గ్రహించేవారు. ఇందుకు చాలాసేపు పట్టేది. కదలని కోటలకు అది తగిన పద్ధతే! రాయకోట పేరును శీర్షికలోనే ధరించిన ఆయన చిత్రసంపుటి 1858లో వెలువడింది. మరుసటి ఏడే గవర్నరు ట్రెవెల్యన్ ఈ కార్యాన్ని విలాసవ్యయంగా తలచి నిలిపివేయించారు. అటుపై ట్రైప్ కెమెరా పట్టింది బహు స్వల్పం. 1902లో స్వస్థలంలోనే కన్నుమూశారు. అనవసర వ్యయమనిపించుకొన్న ఆ రాయకోట చిత్రాలు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.