మున్నేటి తీరపు గ్రంథోపాసకుడు: కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు

ఖమ్మము పట్టణమును ఒరసికొని ప్రవహించు మున్నేరు దిగువకు సాగి పెనుగంచిప్రోలు చేరును. ఆ గ్రామమున 1877వ సంవత్సరము మే 18వ తేదీన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిన వీరు కొంతకాలము భువనగిరిలో చదివి, పిమ్మట సోదరి బండారు అచ్చమాంబగారి యింట నాగపురమున విద్యాభ్యాసము చేసిరి. పాఠశాల మెట్లెక్కని అచ్చమాంబగారు తమ్మునితోపాటు చదువు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించిరి. ఒక యింటిలో పుస్తకము చేతులు మాఱుటవలన కలుగు ఫలమును లక్ష్మణరావుగారు తొలుత చూచినది అచ్చటనే యని నా తలంపు.

నాగపురమున వీరు మరాఠీలో వ్యాసములు వ్రాయునంతటి ప్రజ్ఞ గడించిరి. ఆ భాషలో చరిత్ర గ్రంథములు విరివిగా వెలువడుచుండగా తెలుగున అట్టివి మిక్కిలి కొఱతగా నుండెను. ఎం.ఏ. పట్టము పొంది, మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి. మునగాల కృష్ణా మండలమునకు చెందినదైనను, చుట్టును నైజాము రాజ్యమే. ఈ స్థితి వారి కృషికి అనుకూలించినది.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. రాజభాష ఉర్దూయై, పాఠశాలలందు తెలుగునకు స్వల్పస్థానమే యున్న నాడు, తెలుగు పుస్తకమును చేతబట్టి చదువుకొను చోటు నగరమున ఏర్పడుట సామాన్యవిషయము కాదు. అయితే గ్రంథాలయము కట్టినంతమాత్రమున చాలునా? అరలలో నుంచుటకు గ్రంథములు కావలెను గదా!

అందుచే 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపితమైనది. అంతకుముందు గ్రంథముద్రణము తఱచుగా జమీందారుల వితరణముపై నాధారపడెడిది. మండలి చందాదారులను చేర్చుకొని, వరుసగా వెలువడు గ్రంథములను వారికి అందజేసినది. మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారి సాయము దీనికి లేకపోలేదు; కాని గ్రంథమునకు ప్రధానపోషకుడు పాఠకుడే యయ్యెను. సామాన్యుడు తన సొమ్ముతో కొని, తన పేరు వ్రాసికొని, యింట దాచుకొన్న శాస్త్రగ్రంథమునకు గల విలువ దానముగా వచ్చినదానికి ఉండదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్రము 1907లో వెలువడినది. మఱుసటి యేడే ఆ రచయిత రాజద్రోహ నేరముపై చెఱసాల పాలయ్యెను. అదే 1908లో మండలి మదరాసునకు తరలినను ప్రచురణము ఆగలేదు. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910లో వెలువడినది.

అప్పుడు ఖమ్మము నైజాము రాజ్యమున, భద్రాచలము మదరాసు రాజధానిలో ఉండెను. పాలనలు వేఱైనను పఠనీయగ్రంథములు రెండుచోట్లను ఒక్కటే. మధిర ప్రాంతపు దెందుకూరున జన్మించిన ఆదిరాజు వీరభద్రరావుగారు హైదరాబాదు చేరి, భాషానిలయమునకు దీర్ఘకాలము సేవచేసిరి. తెలంగాణా శాసనములను 1935లో ప్రకటించిన పరిశోధక మండలికి లక్ష్మణరావుగారి పేరే పెట్టబడినది.

తుదకు వారు తలపెట్టినది ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. 1915 మొదలు మూడు సంపుటములు వెలువడినను, విషయములు అకారమును దాటలేదు. 1923 జూలై 12వ తేదీన, నలువదియాఱవ యేట, మదరాసులో వారు పరమపదించిరి. మిగిలిన పనిని 1930 దశకమున కాశీనాథుని నాగేశ్వరరావుగారు చేపట్టిరి.