ఇంజనీరు కావాలని వెళ్లిన హైదరాబాదీ

జుమా నమాజు ముగిసి మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుండగా మనకు తరచూ వినబడే మాట ఒకటుంది: ఫలానావారి అబ్బాయి వెళ్లాడట. సూర్యాపేటలోనో కోదాడలోనో హైదరాబాదు బస్సెక్కి, మిర్యాలగూడలో రైలెక్కి మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్తూనే ఉన్నారు. అక్కడి నుంచి దుబాయికో జిద్దాకో విమానమెక్కేవారూ ఉన్నారు. నెలకు ఎంత పంపిస్తున్నాడని అందరం అడుగుతాం. అక్కడికి వెళ్లాక మనిషి ఎలా ఉన్నాడని, ఎవరి సహవాసంలో ఉన్నాడని అడిగేవారు తక్కువ.

భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్య ఖుర్‌ఆన్ పదే పదే పిలుపునిస్తుంది. ముసాఫిరుకు షరీఅత్ నాలుగు రకాతుల ఫర్జు నమాజును రెండుకు తగ్గించింది. రమజాను ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు కల్పించింది. ప్రయాణంలో కష్టముందని ధర్మమే గుర్తించింది. ఆ కష్టం మనిషిని ఎలా తీర్చిదిద్దుతుందో తెలుసుకోవడానికి మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ జీవితం చక్కని ఉదాహరణ.

ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో హైదరాబాదులో జన్మించారు. ఆనాడు మన నల్గొండ ప్రాంతం కూడా నిజాం ఏలుబడిలోనే ఉండేది. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం జాతీయోద్యమాన్ని మనసారా అభిమానించిన మహిళ. సోదరుడు బద్రుల్ హసన్ గాంధీజీ అనుచరుడు. ఆబిద్ కూడా యువకుడిగా ఉన్నప్పుడే సబర్మతి ఆశ్రమంలో గడిపారు, శాసనోల్లంఘన రోజుల్లో జైలుకు వెళ్లారు. ఆ తర్వాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ ప్రయాణమయ్యారు.

అక్కడ ఆయన చదువుకుంటుండగానే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో సుభాష్ చంద్రబోస్ కలకత్తాలోని తమ ఇంటి నుంచి తప్పించుకుని, ముహమ్మద్ జియావుద్దీన్ అనే పఠాను వేషంలో కాబూలు చేరి, అక్కడి నుంచి బెర్లిను వచ్చారు. నేతాజీని కలుసుకున్న ఆబిద్ చదువు మధ్యలోనే వదిలి ఆయన కార్యదర్శిగా చేరిపోయారు. సైనికులంతా మతభేదం లేకుండా పలుకరించుకోవడానికి ఒక మాట కావలసివచ్చినప్పుడు జైహింద్ అనే అభివాదాన్ని సూచించింది ఆబిదేనని చాలామంది రాశారు. నేడు మన పిల్లలు బడిలో పలికే ఆ మాట వెనుక ఇలా ఒక హైదరాబాదీ యువకుడి పేరు వినబడుతుంది.

1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవు నుంచి ఒక జలాంతర్గామి బయలుదేరింది. అందులో ఉన్న భారతీయులు ఇద్దరే: నేతాజీ, ఆబిద్ హసన్. పైన శత్రునౌకలు, లోపల ఇరుకు, ఎటు చూసినా డీజిలు వాసన. తినే రొట్టెకూ కప్పుకునే దుప్పటికీ అదే వాసన. ఆ ఇరుకులోనే నేతాజీ చెబుతుంటే ఆబిద్ రాతపని చేసేవారు. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లిన ఆ పడవ ఏప్రిల్ చివరిలో మడగాస్కరు సమీప సముద్రంలో జపాను జలాంతర్గామిని కలుసుకుంది. ఎగసిపడే అలల మధ్య చిన్న రబ్బరు తెప్ప మీద ఇద్దరూ ఒక పడవ నుంచి మరో పడవకు మారారు. మే నెల ఆరంభంలో సుమత్రా దగ్గరి సబాంగ్ రేవులో నేల మీద కాలు పెట్టారు. సుమారు మూడు నెలల ప్రయాణమది.

సముద్రయానం ముగిసినా ఆబిద్ ప్రయాణం ఆగలేదు. ఆజాద్ హింద్ ఫౌజులో అధికారిగా 1944లో ఇంఫాల్ పోరు చూశారు. వానల్లో, ఆకలితో, జబ్బులతో వెనుదిరిగిన సైనికుల వెంట నడిచారు. ఏ మతంవాడైనా ఏ ప్రాంతంవాడైనా ఒకరికొకరు తోడైన ఆ సైనికుల గురించి తర్వాత రాశారు కూడా. ఆయన పేరు చివరి సఫ్రానీ కథ ఆ సైనిక జీవితానిదే. జెండాకు హిందూ సైనికులు కాషాయం, ముస్లిం సైనికులు ఆకుపచ్చ రంగు కోరారట. చివరికి హిందూ సోదరులు తమ పట్టు విడిచారట. ఆ ఔదార్యానికి కదిలిపోయి ఆబిద్ ఆ రంగునే తన పేరుగా చేసుకున్నారని చెబుతారు. మనం ఉర్దూలో జాఫ్రానీ అనే రంగు అది. ఎదుటివాడు ఒక అడుగు వెనక్కి వేస్తే దాన్ని గెలుపుగా చెప్పుకోకుండా జీవితాంతం రుణంగా మోసిన మనిషి ఆయన.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. నేతాజీ వెంట సైగాను వరకు వెళ్లినవారిలో ఆబిద్ ఉన్నారు. అక్కడి విమానంలో నేతాజీ వెంట మరొక్కరికే చోటు దొరికింది. హబీబుర్ రహ్మాన్ ఎక్కారు, ఆబిద్ నేల మీద ఉండిపోయారు. ఆగస్టు 18న ఆ విమానం తైపేలో కూలింది. మూడు నెలలు సముద్రగర్భంలో వెంట ఉన్నవాడికి చివరి ప్రయాణంలో చోటు దొరకలేదు. ఎవరి ఆయుష్షు ఎక్కడ రాసి ఉందో అల్లాహ్‌కే ఎరుక.

తర్వాత ఆబిద్ ఆంగ్లేయుల నిర్బంధంలో గడిపి 1946లో విడుదలయ్యారు. స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో చేరి పలు దేశాల్లో పనిచేశారు. డెన్మార్కులో భారత రాయబారిగా ఉన్నారు. 1969లో పదవీ విరమణ చేసి హైదరాబాదుకు తిరిగివచ్చి, 1984లో కన్నుమూశారు. ఆయన పేరిట అక్కడ ఒక పాఠశాల వెలిసింది. ఇంజనీరు పట్టా లేకుండా వచ్చిన మనిషి పేరు బడి గుమ్మం మీద నిలిచింది.

చదువు మానుకోమని చెప్పడానికి మేమిది రాయలేదు. తరగతి గదిలో నిలబడేవాళ్లం ఆ మాట ఎన్నటికీ అనలేం. దేశమంతా ఒక పెద్ద పిలుపు విన్న కాలం అది, అలాంటి పిలుపు అందరికీ రాదు. అయితే మంచి సహవాసం దొరికే అవకాశం ప్రతి ప్రయాణికుడికీ ఉంటుంది. ఆబిద్ జీవితాన్ని మార్చింది బెర్లిను నగరం కాదు, అక్కడ దొరికిన తోడు, పంచుకున్న కష్టం. బిడ్డను బస్సెక్కించేటప్పుడు డబ్బు జాగ్రత్త అని చెబుతాం. దోస్తులు జాగ్రత్త అని కూడా చెబుదాం. ఫోను చేసినప్పుడు జీతం కంటే ముందు, గదిలో ఎవరున్నారు, నమాజు సాగుతోందా, పక్కవాడికి జ్వరమొస్తే ఎవరు చూశారు అని అడుగుదాం.

ఊరు విడిచిన మన బిడ్డలందరికీ అల్లాహ్ మంచి తోడునిచ్చి, వెళ్లినప్పటికంటే ఉత్తములుగా క్షేమంగా ఇంటికి చేర్చుగాక. ఆమీన్.