చెయ్యి తెగింది.. స్క్రూ మారింది!

మీ రూమ్మేట్‌కి ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం బెంగళూరులోనో, పుణెలోనో జాయినింగ్. ఏదైనా గిఫ్ట్ ఇవ్వాలనుకున్నారు. మీరింకా ఉద్యోగ వేటలోనే ఉన్నారు కాబట్టి బడ్జెట్ ఐదొందలు దాటకూడదు. కాఫీ కప్పు, ఫొటో ఫ్రేమ్, పర్సు.. అన్నీ ఆలోచించి ఉంటారు. మరి ఓ మంచి స్క్రూడ్రైవర్ సెట్? కొత్త గదిలో కర్టెన్ రాడ్ బిగించాలన్నా, వదులైన కుర్చీ కాలు సరిచేయాలన్నా, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మార్చాలన్నా ముందు వెతికేది దాన్నే. పైగా ఇలాంటివి ఎవరూ తమకు తాముగా కొనుక్కోరు.

సరే, కొందామనే అనుకున్నారు. షాపులో నాలుగు రకాలు ముందు పెడతారు. అన్నీ మెరుస్తూనే ఉంటాయి. ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి? ఆ సంగతి ప్యాకెట్ మీది అక్షరాల కంటే ఒక మనిషి జీవితం బాగా చెబుతుంది. ఆయన పేరు పీటర్ లింబర్నర్ రాబర్ట్‌సన్. కెనడాలో పని చేసే వడ్రంగికి, ఎలక్ట్రీషియన్‌కి ఆ పేరు తెలియకపోవడమంటూ ఉండదు. ఆ పేరుతోనే అక్కడ ఒక స్క్రూ ఉంది, ఒక స్క్రూడ్రైవర్ ఉంది.

వీధే ఆఫీసు

రాబర్ట్‌సన్ 1879లో కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో పుట్టారు. మొదట్లో ఆయన చేసింది సేల్స్ ఉద్యోగం. అదీ ఏసీ షోరూంలో కాదు. ఫిలడెల్ఫియాకు చెందిన ఒక టూల్స్ కంపెనీ తరఫున ఊరూరూ తిరిగి, వీధి మలుపుల్లో, జాతరల్లాంటి గ్రామీణ సంతల్లో నిలబడి పనిముట్లు అమ్మేవారు. అమ్మడమంటే ఊరికే చూపించి ధర చెప్పడం కాదు. జనం ముందు వాడి చూపించాలి. ఎలా పనిచేస్తుందో వాళ్లకు కళ్లారా కనిపించాలి. ఇవాళ మన భాషలో చెప్పాలంటే, రోజుకు ఇరవై లైవ్ డెమోలన్నమాట.

ఆయనకు బుర్రలో ఎప్పుడూ ఏదో ఒక పురుగు తొలుస్తూనే ఉండేది. కార్క్‌స్క్రూ, చొక్కా కఫ్ లింకులు, ఆఖరికి ఎలుకల బోను కూడా.. అన్నిటినీ ఇంకాస్త మెరుగ్గా చేయొచ్చు కదా అని ప్రయత్నించారు. అవేవీ ఆయనకు పెద్ద పేరు తేలేదు. పేరు తెచ్చింది మాత్రం ఒక గాయం.

తప్పు చేతిదా? గాటుదా?

1906లో మాంట్రియల్‌లో స్ప్రింగ్‌తో పనిచేసే ఒక స్క్రూడ్రైవర్‌ని డెమో చేస్తుండగా బ్లేడు జారి ఆయన చెయ్యి తెగిందని చెబుతారు. అప్పటి స్క్రూలన్నీ మనం ‘మైనస్’ అని పిలిచే రకం. తల మీద అడ్డంగా ఒకే ఒక గాటు. ఆ గాటుకు రెండు చివర్లూ తెరిచే ఉంటాయి. బ్లేడు కొంచెం పక్కకు జరిగినా జర్రున బయటికొచ్చేస్తుంది. జారితే చెక్క మీద గీత పడుతుంది, లేదా చేతి మీద.

మనమైతే ఏం చేస్తాం? కట్టు కట్టుకుని, ఈసారి జాగ్రత్తగా పట్టుకోవాలి అనుకుంటాం. రాబర్ట్‌సన్ ఇంకోలా ఆలోచించారు. తప్పు పట్టుకునే చేతిలో లేదు, గాటు ఆకారంలో ఉంది. బ్లేడు పక్కకు పోవడానికి దారి ఉంది కాబట్టే పోతోంది. ఆ దారి మూసేస్తే? స్క్రూ తలలో నాలుగు పలకల గుంట పెట్టి, సరిగ్గా అందులో కూర్చునే చతురస్రపు మొన తయారుచేస్తే? నాలుగు గోడలూ మొనను పట్టుకుంటాయి. పక్కకు జారదు. స్క్రూని మొన మీద గుచ్చితే పడిపోకుండా అలాగే నిలబడుతుంది. రెండో చేత్తో స్క్రూని పట్టుకోవాల్సిన పనే ఉండదు.

అసలు కిటుకు తయారీలో

ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. చతురస్రపు గుంట అన్న ఆలోచన రాబర్ట్‌సన్‌కి ముందు కూడా కొందరికి వచ్చింది. కానీ దాన్ని చవగ్గా, వేలకు వేలు తయారుచేయడం కుదరలేదు. స్క్రూ తలలోకి పంచ్ దించితే లోహం చిట్లడమో, తల బలహీనపడడమో జరిగేది.

రాబర్ట్‌సన్ సాధించింది ఇక్కడే. లోహాన్ని వేడి చేయకుండా, చల్లగా ఉండగానే అచ్చులో కొట్టి ఆకారం తెచ్చే పద్ధతిని (మీ వర్క్‌షాప్ సబ్జెక్టులో కోల్డ్ ఫార్మింగ్ అని చదివారే, అదే) ఎంచుకున్నారు. గుంట అంచుల్ని కొంచెం ఏటవాలుగా చెక్కారు. గోడల్ని లోపలికి వెళ్లేకొద్దీ రవ్వంత సన్నగా చేశారు. అడుగు భాగాన్ని పిరమిడ్‌లా దించారు. దాంతో పంచ్ పడినప్పుడు లోహం చిట్లకుండా పక్కలకు సర్దుకుంది. తల బలం తగ్గలేదు. 1909లో కెనడాలో పేటెంట్ వచ్చింది. గమనించండి, ఆయన పేటెంట్‌లోని విలువంతా గుంట నాలుగు పలకలుగా ఉండడంలో లేదు. ఆ గుంటను ఎలా చేయాలో తెలియడంలో ఉంది.

1908లోనే ఒంటారియోలోని మిల్టన్ అనే చిన్న పట్టణంలో ఫ్యాక్టరీ మొదలైంది. ఊరికి ఒక పరిశ్రమ వస్తోందని పట్టణ పాలకులు కూడా చేయూతనిచ్చారు. వీధిలో నిలబడి వేరేవాళ్ల సరుకు అమ్మిన మనిషి, ముప్ఫై ఏళ్లు నిండకముందే సొంత సరుకు తయారుచేసే యజమాని అయ్యారు.

ఫోర్డ్‌తో బేరం

ఆ రోజుల్లో కార్ల బాడీలో చెక్క ఎక్కువగా వాడేవారు. కెనడాలో ఫోర్డ్ ‘మోడల్ టి’ కారుకు బాడీలు చేసిచ్చిన ఫిషర్ బాడీ కంపెనీ రాబర్ట్‌సన్‌కు పెద్ద కస్టమరైంది. ఒక్కో కారుకు సుమారు 700 స్క్రూలు పట్టేవి. స్క్రూ జారకపోతే పని వేగంగా అవుతుంది, గీతలు పడిన చెక్కను పక్కన పడేయాల్సిన అవసరం రాదు. ఈ స్క్రూ వల్ల కారుకు 2.60 డాలర్లు మిగిలాయని లెక్క చెబుతారు. లక్షల కార్లు తయారుచేసే కంపెనీకి ఇది చిన్న లెక్క కాదు.

దాంతో హెన్రీ ఫోర్డ్ ఈ స్క్రూని అమెరికాలోనూ వాడాలనుకున్నారు. కానీ ఒక షరతు. స్క్రూలు ఎలా తయారవ్వాలి, ఎక్కడ తయారవ్వాలి అన్నదాంట్లో తన మాట చెల్లాలి. రాబర్ట్‌సన్ ఒప్పుకోలేదు.

మీకేమనిపిస్తోంది? ఫోర్డ్ అంతటివాడు అడిగితే కాదనడమా అనే కదా! దానికి వెనుక ఒక కథ ఉంది. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఒక కంపెనీకి ఆయన లైసెన్స్ ఇచ్చారు. అది దివాలా దారి పట్టింది. చివరికి తన సొంత పేటెంట్ హక్కుల్ని తానే డబ్బు పోసి వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. పాలతో నోరు కాలినవాడు మజ్జిగను కూడా ఊదుకుని తాగుతాడు. ఇంకెవరి చేతికీ తాళాలివ్వనని ఆయన గట్టిగా కూర్చున్నారు.

బేరం తెగిపోయింది. ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల మార్కెట్‌లోకి వెళ్లే తలుపు మూసుకుపోయింది.

అప్పుడొచ్చారు ఫిలిప్స్

1930లలో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ రంగంలోకి దిగారు. మనం ‘స్టార్’ అని పిలిచే ప్లస్ గుర్తు స్క్రూ ఈయన పేరుతోనే ఉంది. కానీ దాని మొదటి రూపం జాన్ థాంప్సన్ అనే ఇంకొకరిది. ఆ హక్కుల్ని ఫిలిప్స్ కొన్నారు, డిజైన్‌ని మెరుగుపరిచారు. ఆ తర్వాత రాబర్ట్‌సన్ చేయనిది చేశారు. తయారీ తన చేతిలోనే ఉండాలని పట్టుబట్టకుండా అమెరికన్ స్క్రూ కంపెనీకి లైసెన్స్ ఇచ్చారు. 1936లో జనరల్ మోటార్స్ తన కాడిలాక్ కార్లకు ఆ స్క్రూ వాడింది. తర్వాత మిగతా కంపెనీలు వరస కట్టాయి.

ఇందులో లైసెన్స్ ఒక్కటే కారణం కాదు. ప్లస్ ఆకారానికి ఒక సుగుణముంది. మొన కొంచెం అటూ ఇటూ పడినా తనంతట తానే మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. మెషిన్‌తో గబగబా బిగించే అసెంబ్లీ లైనుకు అది చక్కగా సరిపోయింది. దానికో దుర్గుణమూ ఉంది. బలం ఎక్కువైతే మొన పైకి లేచి బయటికొచ్చేస్తుంది. స్టార్ స్క్రూ బిగించేటప్పుడు టకటకమంటూ జారి, తల అరిగిపోయి, ఇక ఊడిరాకుండా మొండికేయడం మీరు చూసే ఉంటారు. ఆ జబ్బు రాబర్ట్‌సన్ స్క్రూకి చాలా తక్కువ.

అంటే పట్టు విషయంలో మెరుగైన వస్తువు ఒక దేశానికి పరిమితమైంది. రెండోది ప్రపంచమంతా పాకింది.

మరి రాబర్ట్‌సన్ ఓడిపోయారా?

ఇంటర్వ్యూల్లో, స్టార్టప్ క్లబ్బుల్లో ఈ కథ చెబితే చాలామంది వెంటనే తీర్పిచ్చేస్తారు, ఆయన మొండితనంతో చెడ్డాడని. అంత తేలిగ్గా తేల్చేయకండి. ఆయన కాలంలో మిల్టన్ ఫ్యాక్టరీ నడుస్తూనే ఉండేది. ఆ ఊళ్లో ఎన్నో కుటుంబాలు దాని మీద బతికాయి. 1951లో కన్నుమూసేదాకా తన స్క్రూ మీద పెత్తనం ఆయన ఎవరికీ అప్పగించలేదు. కెనడాలో ఇవాళ్టికీ చెక్క పనికి, కరెంటు పనికి ఆ చతురస్రపు స్క్రూయే తీస్తారు. అదే సమయంలో ఆయన కోల్పోయిందీ నిజమే. ఒక్క సంతకంతో వచ్చి ఉండగల మార్కెట్ మళ్లీ రాలేదు.

మీకూ ఇలాంటి కాగితాలు త్వరలోనే ఎదురవుతాయి. ఆఫర్ లెటర్‌తో పాటు రెండేళ్ల బాండ్ పెట్టొచ్చు. మీ ప్రాజెక్టు హక్కులు కంపెనీకే చెందుతాయని ఒక లైను ఉండొచ్చు. అప్పుడు మీరు తేల్చుకోవాల్సినవి రెండు: వదులుకునేది ఏమిటి, దానికి బదులుగా వచ్చేది ఏమిటి. రాబర్ట్‌సన్ మొదటిది మాత్రమే చూశారనిపిస్తుంది. కొత్తగా చేరేవాళ్లు చాలామంది రెండోది మాత్రమే చూస్తారు. రెండూ కాగితం మీద రాసుకుని చూడండి. పాత దెబ్బ మీద కోపంతో కొత్త ఆఫర్‌ని కొలవకండి.

ఇక సెట్ కొందాం

రాబర్ట్‌సన్ చెయ్యి నేర్పిన పాఠం ఒక్కటే. మొన, గాటు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే. ఐదొందల లోపు కొనేటప్పుడు ఇవి చూడండి.

• జేబులో నాలుగు స్క్రూలు తీసుకెళ్లండి. ఇంట్లో దొరికే రెండు మూడు సైజుల స్టార్ స్క్రూలు చాలు. షాపులో మొనను అందులో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. గడగడలాడితే వద్దు. రాణిగంజ్‌లాంటి చోట టూల్స్ షాపువాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు. ఆన్‌లైన్‌లో ఈ పరీక్ష కుదరదు.

• సైజు అంకె ఉందా? స్టార్ మొనలకు పీహెచ్ 0, పీహెచ్ 1, పీహెచ్ 2 అని సైజులుంటాయి. ఇంటి పనికి ఎక్కువగా వాడేది పీహెచ్ 2. ల్యాప్‌టాప్‌కి పీహెచ్ 0, పీహెచ్ 00 కావాలి. సైజే రాయని సెట్‌ని పక్కన పెట్టండి.

• స్టీల్ ఏది? క్రోమ్ వెనేడియం అని ఉంటే ఇంటి వాడకానికి సరిపోతుంది. మార్చుకునే బిట్లయితే ఎస్2 స్టీల్ మంచిది. మెరుపు చూసి మోసపోవద్దు, అది పైపూత మాత్రమే. మొన అంచులు పదునుగా, సమానంగా ఉన్నాయో లేదో చూడండి.

• ముక్కల లెక్కకు లొంగకండి. అదే డబ్బుకు ‘వంద ముక్కల సెట్’ వస్తోందంటే స్టీల్‌లో కోత పెట్టారేమో అని అనుమానించాలి. రోజూ వాడేవి నాలుగైదే. ఒక పిడి, ఆరేడు మంచి బిట్లు చాలు. బిట్ల కాడ 6.35 మిల్లీమీటర్ల ఆరుపలకలదైతే రేపు విడిగా బిట్లు కొని కలుపుకోవచ్చు.

• పిడి పట్టుకుని చూడండి. చేతికి కాస్త చెమట పట్టినా జారకూడదు. సన్నటి పిడికి ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది.

• కరెంటు పనికి వేరే లెక్క. పిడి ప్లాస్టిక్‌ది అయినంత మాత్రాన షాక్ నుంచి కాపాడదు. 1000 వోల్టులు అన్న అంకె, రెండు త్రిభుజాల గుర్తు ఉన్నవే ఇన్సులేటెడ్ రకం. అవి ఉన్నా మెయిన్ ఆఫ్ చేశాకే చెయ్యి పెట్టమని చెప్పండి. టెస్టర్‌తో స్క్రూలు బిగించడం మనకు అలవాటే. అది కరెంటు ఉందో లేదో చూడటానికే.

• ఎవరికిస్తున్నారు? ఫోన్లు విప్పే సరదా ఉన్న స్నేహితుడికి పెద్ద స్క్రూడ్రైవర్లు పనికిరావు. సన్న బిట్ల ప్రెసిషన్ సెట్ ఇవ్వండి. ఐఫోన్ అడుగున ఉండే స్క్రూలకు ఐదు రేకుల పెంటలోబ్ బిట్ కావాలి, సెట్‌లో ఉందో లేదో చూసుకోండి. పై చదువులకు కెనడా వెళ్లేవాళ్లకైతే సెట్‌లో నాలుగు పలకల మొన కూడా ఉండాలి. అక్కడ సైజులకు రంగులుంటాయి. ఎక్కువగా వాడే రెండో నంబరుది ఎరుపు. విమానంలో మాత్రం చెకిన్ లగేజీలో పెట్టుకోమనండి, క్యాబిన్ బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

చివరగా ఒక మాట. గిఫ్ట్ ప్యాక్ చేసేముందు బిల్లు దాచి ఉంచండి. మొన విరిగితే మార్చిచ్చే కంపెనీలున్నాయి, కానీ బిల్లు అడుగుతారు. లోపల పెట్టే చీటీలో శుభాకాంక్షలతో పాటు ఇదీ రాయండి: స్క్రూ జారుతుంటే బలం పెంచొద్దు, ముందు మొన సైజు మార్చి చూడు.