చెకుముకి తుపాకిని మాన్పిన పాదిరి

అలెగ్జాండరు ఫోర్సైతు 1768లో స్కాట్లండునందు జన్మించి, బెల్‌హెల్వీ గ్రామమునకు పాదిరియయ్యెను. నీటిపక్షుల వేటయన్న నాయనకు మక్కువ మెండు. నాటి తుపాకులయందు తుపాకిమందును గుండ్లను గొట్టపుమూతినుండి దట్టించెడివారు. మీట నొక్కినంతనే చెకుముకిరాతి నిప్పురవ్వకు పళ్లెములోని మందు భగ్గుమనును. గుండు వెడలుట క్షణము పిదపనే. ఆ మెరుపును గాంచి పక్షులు తప్పించుకొనుచుండెను. దెబ్బ తగిలినంతనే మండు రసాయనచూర్ణముతో ఫోర్సైతు దీనికి విరుగుడు కనిపెట్టెను. లండను టవరులో ఆయన సాగించిన ప్రయోగములను అధికారులు 1807లో నిలిపివేసిరి. ఆ యేటనే పేటెంటు పొంది, ఆయన తన గ్రామమునకు మరలెను. మూడు దశాబ్దములకు పైగా గడచినపిదప బ్రిటిషు సైన్యము ఆ సూత్రమునే చేపట్టెను. 1843లో ఆయన గతించెను; ప్రభుత్వమిచ్చిన బహుమానములో అధికభాగము మరణానంతరము బంధువులకు ముట్టెను. మేధకు మన్నన సకాలమున దక్కవలెనని పాలకు లీ జీవితమువలన గ్రహింతురుగాక!